స్ముర్న సీటు కోసం రోసమ్మ ఉపవాసం

ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి వరండాలో నర్సు షెకీనా రోసమ్మ చేతికి బీపీ పట్టీ చుట్టింది. పై అంకె నూట అరవై దాటితే టర్కీ ప్రయాణానికి సీటు లేదని టూరు వాళ్ల షరతు. పేర్లు ఈ పూటే పంపాలి.

మౌలాలి రైల్వే కాలనీలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆదివారం బడి నడుపుతున్న మనిషి ఆమె. బైబిల్లోని స్ముర్న, అంటే ఇప్పటి ఇజ్మీర్, ఆమెకు సొంత వీధికన్నా బాగా తెలుసు. సంఘంలో ప్రయాణం కట్టిన ఇరవైమందికీ చార్టు గీసి మరీ నేర్పింది. గడియార స్తంభం దగ్గర ఫోటో దిగాలి. పాత బజారులో తప్పిపోకుండా ఒకరి కొంగు ఒకరు పట్టుకోవాలి. నువ్వుల రొట్టె కొనుక్కుని పడవెక్కి సముద్రపు పక్షులకు వెయ్యాలి. పురాతన అంగడి స్తంభాల మధ్య కాసేపు నోరు మూసుకుని నిలబడాలి. చివరికి కోటగుట్ట ఎక్కి కింద సముద్రమంతా చూడాలి. అన్నీ తెలుసు, కళ్లతో చూడటమే తక్కువ.

ఆ సీటు కోసమే మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేసింది. ఉపవాసమంటే ఆమెకు ఉపవాసమే, గొంతులోకి నీళ్లు తప్ప ఏదీ దిగకూడదు. బీపీ మాత్ర కూడా దిగలేదు. బీపీ తగ్గించమని దేవుణ్ణి వేడుకుంటూ మాత్ర మానేసిన మహాతల్లి! చేసుకున్నవారికి చేసుకున్నంత.

మిషను నూట తొంభై రెండు చూపించింది.

“గోలీ ఏసుకోలేదా టీచర్?”

“మూడు దినాల సంది ఉపవాసం బిడ్డా.”

షెకీనా నెత్తి కొట్టుకుంది. ఒకప్పుడు రోసమ్మ దగ్గర పాటలు నేర్చుకున్న పిల్లే. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “రేపట్నుంచి ఏసుకుంటే దిగుతది. నూట నలభై అని రాసేస్త. పరేషాన్ గాకుండ్రి.”

అబద్ధమాడిన పిల్లలతో గోడకుర్చీ వేయించిన టీచరమ్మ ఆమె. వద్దనాలి. కానీ ఎన్నేళ్ల ఆశ! “రాయి,” అంది.

తర్వాత కూర్చున్నది ఆమె అన్న జ్ఞానశేఖర్. వెనకే నిలబడి అంతా విన్నాడు; ఆయన పేరూ టర్కీ జాబితాలో ఉంది. బొల్లారం నుంచి పొద్దున్నే స్కూటర్ మీద వచ్చాడు. తండ్రి పోయాక ఆమెను చదివించింది ఆయనే. నిరుడు ఆయన గుండెకు స్టెంటు వేశారు. మిషను నూట డెబ్బై ఎనిమిది చూపించింది. ఆయన చెల్లెలి వంక చూసి కన్నుగీటాడు.

“మా చెల్లెకు రాసినట్లే నాకు సుత రాయి బిడ్డా.”

రోసమ్మకు కోటగుట్ట గుర్తొచ్చింది. ఆ కోటగుట్ట ఎక్కి తీరాలని అందరికీ నూరిపోసింది తనే. ఆ ఎత్తులో అన్న ఛాతీ పట్టుకుని కూలబడినట్లు కళ్లకు కట్టింది.

“రాయకు షెకీనా!”

“ఏందే? నీకో లెక్క, నాకో లెక్కనా?”

రోసమ్మ తన కాగితం లాక్కుని, నూట నలభై కొట్టేసి, నూట తొంభై రెండని రాసింది. “ఇద్దరికీ ఉన్నదే పంపు బిడ్డా.”

జ్ఞానశేఖర్ ముఖం జేవురించింది. “నోటికాడి ముద్ద గుంజినవ్ గదనే! ఇగ నా గడప తొక్కకు.”

స్కూటర్ గేటు దాటిపోయింది. రోసమ్మ వరండాలోనే చతికిలబడింది. స్ముర్న పోయింది, అన్న పలుకూ పోయింది. ఏడుపు ఎంతకీ ఆగలేదు.

“తిట్టు అన్నా,” అంది ఖాళీ గేటు వైపు చూస్తూ. “నూరేండ్లు తిట్టు.”