మాకు కుక్క లేదు

ఇది దేశ రక్షణకు సంబంధించిన కథ. ఇందులో ముళ్లకంచె ఉంది, తుపాకీ పట్టుకున్న కాపలా ఉంది, కంటికి కనబడని శత్రువు ఉన్నాడు, ఎక్కడుందో చెప్పకూడని ఒక గది ఉంది. చదివాక మీకు నిద్ర పట్టదు.

అని మొదలుపెడదామనుకున్నాను. కానీ ఆ ముళ్లకంచెకు మేకలు వీపు గోక్కుంటాయి. కాపలా అతను అనుమానంగా చూసేది మా టిఫిన్ డబ్బాల్లోకే. శత్రువును నేనింతవరకు చూడలేదు. ఇక మిగిలింది ఒక గది, అందులో ఒక పాత ఫోను, ఆ ఫోనులో మా అక్క. అంతే కథ.

దయ్యాలను నేను నమ్మను. ఇలాంటివి రాసే ప్రతివాడూ ముందు ఈ మాటే అంటాడని తెలుసు. నా విషయంలో మాత్రం అది జీతంతో ముడిపడిన సంగతి. కంప్యూటర్ తెర మీద వింత ఏదైనా కనిపిస్తే దానికి కారణం కనిపెట్టి రాయడమే నా పని. కారణం అన్న చోట దయ్యం అని రాస్తే సంతకం పెట్టే అధికారి ఇంకా పుట్టలేదు. పైగా మాది తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబం. చనిపోయినవాళ్లు నిద్రలో ఉంటారని, పిలుపు వచ్చేదాకా లేవరని మా పాస్టరు గారు చెబుతారు. కాబట్టి నేను చెప్పబోయేది ఆఫీసూ ఒప్పుకోదు, చర్చీ ఒప్పుకోదు.

మాది డోన్. కర్నూలు దగ్గర రక్షణ శాఖకు చెందిన ఒక చోట సైబర్ సెక్యూరిటీ అనలిస్టుగా పని చేస్తున్నాను. అక్కడ ఏం చేస్తారని అడగొద్దు. మా ఊళ్లో అడిగి అడిగి విసిగిపోయి వాళ్లే తేల్చుకున్నారు. సగం మంది లెక్కన నేను బార్డర్‌లో ఉన్నాను. మిగతా సగం మంది లెక్కన, మర్చిపోయిన పాస్‌వర్డులు తెచ్చి ఇస్తాను. నిజానికి రోజంతా తెరల ముందు కూర్చుని, మా నెట్‌వర్క్‌లోకి ఎవరైనా దొంగదారిన దూరుతున్నారా అని చూస్తుంటాను. దేశాన్ని ఎక్కువసార్లు ప్రమాదంలో పడేసేది విదేశీ గూఢచారులు కాదు, భార్య పేరు పక్కన వన్ టూ త్రీ పెట్టుకుని అదే పాస్‌వర్డు అనుకునే మా సొంత ఉద్యోగులు.

లోపలికి ఎవరూ ఫోను తీసుకుపోకూడదు. గేటు దగ్గర చిన్న చిన్న అరలుంటాయి. ఫోను అందులో పెట్టి, బిళ్ల తీసుకుని లోపలికి పోవాలి. సాయంత్రం బిళ్ల ఇచ్చి ఫోను తెచ్చుకోవాలి. మధ్యలో బయట ఎవరు పుట్టినా, ఎవరు పోయినా మాకు తెలియదు. మా గదిలో ఒక ఇంటర్‌కమ్ ఉంది. అది గేటుకూ, క్యాంటీనుకూ, లోపలి గదులకూ తప్ప ఎక్కడికీ కలవదు. బయటి లైను దానికి లేదు. ఎవరూ ఇవ్వలేదు, ఇవ్వరు కూడా.

మా అక్క పేరు మేరీ కరుణ. నాకంటే శానా పెద్దది. అమ్మ కూలికి పోయిన రోజుల్లో నన్ను చంకనేసుకుని బడికి పోయేదట. నేను ఏడుస్తున్నానని టీచరు ఇద్దరినీ బయట నిలబెట్టేదట. పెళ్లయ్యాక రాజంపేటలో ఉండేది. అంగన్‌వాడీలో టీచరు. బావ ట్రాక్టర్ల మెకానిక్కు.

మొన్నటిదానికి ముందటి క్రిస్మస్‌కు రాజంపేట పోయినప్పుడు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఇప్పుడు మనిషి గొంతును మిషన్లు అచ్చు గుద్దినట్టు చేస్తున్నాయి, నా గొంతుతో ఎవరైనా ఫోను చేసి ఆపదలో ఉన్నానంటే నమ్మొద్దు, ముందు మన కుక్క పేరేంది అని అడగండి అన్నాను. మాకు కుక్క లేదు. పేరు చెప్పినవాడు దొంగ.

"దాని బదులు ఒక కుక్కను పెంచుకుంటే పోలా? ఇంత కత యాల అబ్బీ?" అంది అక్క.

"నాకు ఫోన్ చేసి దుడ్లు అడిగేటోడు నువ్వొక్కడివే సామేలూ. ఇంగ కొత్తగా దొంగ యాడినుంచి వస్తాడు?" అన్నాడు బావ.

ఇదే పాఠం ఆఫీసులో అందరికీ చెప్పాను. అక్కడ ఇంకాస్త కఠినంగా చెప్పాను. లోపలి ఫోనులో ఇంట్లోవాళ్ల గొంతు వినిపిస్తే, వాళ్లు అన్ని ప్రశ్నలకూ సరిగ్గా జవాబు చెప్పినా సరే, వెంటనే పెట్టేసి రిపోర్టు చేయాలి. ప్రేమ ఉన్న చోటే తలుపు తెరిచి ఉంటుంది అని స్లయిడు మీద పెద్ద అక్షరాలతో రాశాను. చప్పట్లు కొట్టారు. బిస్కెట్లు కూడా పెట్టారు.

వానలు పడ్డాక అక్కకు డెంగ్యూ వచ్చింది. కడపలో ఆసుపత్రిలో చేర్చారు. ఒక సాయంత్రం గేటు దాటగానే ఫోను చేశాను.

"ప్లేట్‌లెట్లు పెరిగినాయంట. ఎల్లుండి పంపిస్తారంట. మీ బావ బొప్పాయాకు రసం తాపిస్తాండాడు. రోగం కంటే అదే నన్ను చంపేట్టుండాది" అంది.

నవ్వాను. ఆదివారం వస్తానన్నాను. వచ్చేటప్పుడు ఆ రసం ఇంకో సీసా తెస్తానన్నాను. తిట్టింది. అందరి దృష్టిలోనూ అదే మా చివరి సంభాషణ.

మర్నాడు ఎప్పటిలాగే ఫోను అరలో పెట్టి లోపలికి పోయాను. మధ్యాహ్నం మా సీనియర్ ఖాదర్ సార్ అన్నం డబ్బా విప్పుతున్నారు. ఆయనది కర్నూలే. ఇంటర్‌కమ్ మోగింది.

"ఎత్తు మియా, క్యాంటీనోడు. ఈ పొద్దు గుడ్డు లేదని చెప్పనీకె చేసింటాడు" అన్నారు.

ఎత్తాను.

"ఒరే అబ్బీ, అన్నం తింటివా?"

మా ఇంటర్‌కమ్‌లో ఎప్పుడూ గరగర ఉంటుంది. గేటు నుంచి మాట్లాడినా చంద్రుడి మీద నుంచి మాట్లాడినట్టుంటుంది. ఆ రోజు గరగర లేదు. అక్క గొంతు పక్క కుర్చీలో నుంచి వచ్చినంత దగ్గరగా, తేటగా ఉంది.

"అక్కా? ఈ ఫోనుకు ఎట్ల చేసినావు?"

"ఎట్ల చేసేదేముండాది? చేసినా. తింటివా లేదా?"

నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే గర్వంగా అనిపించింది. ఇన్నేళ్లూ పిచ్చి పాస్‌వర్డులు ఏరుకుంటూ బతికాను, చివరికి అసలైన శత్రువు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు, అదీ మా అక్క గొంతుతో. ఖాదర్ సార్‌కు చేత్తో సైగ చేసి, గొంతు సవరించుకుని అడిగాను.

"మన కుక్క పేరేంది?"

అవతల నవ్వు. అక్క నవ్వితే ముందు ముక్కులోంచి గాలి వస్తుంది, తర్వాత చప్పుడు వస్తుంది. అలాగే వచ్చింది.

"మనకు కుక్క యాడుండాది రా! ఇంగా ఆ పిచ్చి పోలేదా నీకు? సరేగానీ, నీకొక మాట జెప్పల్ల. ఇను..."

నేను పెట్టేశాను.

జవాబు సరిగ్గా చెప్పినా పెట్టేయాలి. నియమం అది. రాసింది నేనే.

రిపోర్టు చేశాను. చేయగానే జరగాల్సినవన్నీ జరిగాయి. తలుపులు మూశారు. ఇంటర్‌కమ్ లైన్లన్నీ ఆపేశారు. తనిఖీ పూర్తయ్యేదాకా ఎవరూ బయటికి పోకూడదన్నారు. ఏ గది నుంచి ఏ గదికి ఫోను పోయిందో రాసిపెట్టుకునే యంత్రం ఒకటుంది. దాన్ని తిరగేశారు. మా గదికి ఆ పూట ఏ ఫోనూ రాలేదని అది చెప్పింది. ఖాదర్ సార్‌ను పిలిచి అడిగారు. "మోగింది సాబ్. ఎత్తమన్యది నేనే" అన్నారు ఆయన. ఎన్నిసార్లు తిప్పి అడిగినా అదే మాట.

పెద్ద అధికారి నా భుజం తట్టి, ఇంటివాళ్ల గొంతు విని కూడా కరగలేదు, అందరూ ఇలా ఉండాలి అన్నారు. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని కూడా ఇక్కడ రాయాలి కదా, రాస్తున్నాను.

సాయంత్రం గేటు దగ్గరికి వస్తే, నేను బిళ్ల తీయకముందే కాపలా అతను లేచి నిలబడ్డాడు.

"సార్, మీ బావంట. గేటు నంబరుకు చేసినాడు. మీకు జెప్పల్లని శానాసేపు తిప్పితి సార్. ఇంటర్‌కమ్ పన్జేయలే. లోపలికి పోనీలే."

అది పని చేయకుండా చేయించింది నేనే. అరలో నా ఫోను మోగి మోగి ఆరిపోయి ఉంది. గేటు ఫోను నుంచే చేశాను.

"పాయ రా సామేలూ" అన్నాడు బావ. "మీయక్క పాయ."

ఖాదర్ సార్ బస్సు ఎక్కనివ్వలేదు. తన కారులో రాజంపేట దాకా దింపారు. ఆళ్లగడ్డ దగ్గర బండి ఆపి, "టీ తాగుతావా మియా?" అన్నారు. తాగాను. అక్క పోయినవాడు టీ తాగకూడదని ఎక్కడా రాసిలేదు. చక్కెర ఎక్కువైంది.

సినిమాల్లో అయితే నేను చేరేసరికి మట్టి కప్పేసి ఉండాలి. అలాంటిదేమీ కాలేదు. సమాధి కార్యక్రమం మరుసటి రోజు. షామియానా వేసేవాళ్ల కంటే నేనే ముందు చేరాను. అక్కను చూశాను. దాని గురించి రాయను.

బావ ఇంటి వెనక నీళ్ల తొట్టి దగ్గర ఉన్నాడు. ఆయన చేతులు గ్రీజు లేకుండా ఉండగా నేను చూడడం అదే మొదలు. జరిగింది చెప్పాడు. తెల్లవారగానే ఊపిరి ఆడలేదు. గొంతులోకి గొట్టం వేశారు. అప్పటి నుంచి అక్కకు మాట లేదు. అక్క ఫోను బావ జేబులోనే ఉంది. ఖాదర్ సార్ అన్నం డబ్బా విప్పే వేళకు డాక్టరు బయటికొచ్చి, పోయిందని చెప్పడం కూడా అయిపోయింది.

"ఏదో జెప్పల్లని చూస్తా ఉండె రా. గొంతులో గొట్టం. నా చెయ్యి గట్టిగా పట్టుకోని కండ్లతోనే చూస్తా ఉండె. ఏం జెప్పల్లనుకునిందో. నాకు అర్థం గాలె."

ఆఫీసులో జరిగింది బయట చెప్పకూడదు. చెప్పాను.

బావ నాకు పిచ్చి పట్టిందనలేదు. నా మోచేయి పట్టుకున్నాడు.

"ఏం జెప్పింది?"

"ఒక మాట జెప్పల్ల అనె బావా. నేను ఇనకుండా పెట్టేస్తి."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. నా మోచేయి వదిలాడు.

"కుక్క పేరు అడిగితివా?"

"అడిగితి."

"ఏమనె?"

"మనకు కుక్క యాడుండాది అనె. నగె."

"నగెనా?"

"నగె బావా."

"గొంతు ఎట్లుండె? ఆయాసంగా ఉండెనా?"

"లేదు. మామూలుగా ఉండె. అన్నం తింటివా అనె."

బావ తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. పొద్దున్నుంచి ఆయన చెవుల్లో ఆ గొట్టం చప్పుడే ఉండి ఉంటుంది. "నగెనా?" అని మళ్లీ అడిగాడు. నవ్విందని మళ్లీ చెప్పాను. సమాధి దగ్గర మట్టి వేసేటప్పుడు కూడా నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి, అదే అడిగాడు. ఇప్పటికీ ఫోను చేస్తే ఒక్కోసారి అడుగుతాడు. కొత్తగా చెప్పినట్టే చెబుతాను.

ఆ మాట ఏమిటో మాత్రం ఇద్దరికీ తెలియదు. ఆయన పక్కనే ఉన్నాడు, అక్క మాట్లాడలేకపోయింది. నాతో మాట్లాడింది, నేను విననివ్వలేదు.

కారణం వెతకడం నా వృత్తి కాబట్టి వెతికాను. గొంతు మిషనుతో చేశారా? చేయొచ్చు. కానీ దాడి చేసేవాడికి ఏదో ఒకటి కావాలి. తాళం కావాలి, సమాచారం కావాలి. అన్నం తిన్నావా అని కనుక్కోవడానికి ఏ శత్రు దేశమూ అంత ఖర్చు పెట్టదు. నా మనసు చేసిన మాయా? నా మనసు ఖాదర్ సార్ చెవిలో ఫోను మోగించలేదు. యంత్రం తప్పు చెప్పిందా? దాన్ని విప్పి చూశారు. బాగానే ఉంది. దయ్యమా? చెప్పాను కదా, నమ్మను. ఇప్పటికీ నమ్మను. కానీ ఆ వేళ నాతో మాట్లాడిందెవరో నాకు తెలియదు. కారణం అన్న చోట 'తెలియలేదు' అని రాసి ఇచ్చాను. తీసుకున్నారు.

నియమం మాత్రం సరైనదే. ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్లకు అదే చెబుతున్నాను. ఆ స్లయిడు మీద వాక్యం తీసేశాను. ఎందుకని అడిగితే అక్షరాలు సరిగా కనబడటం లేదన్నాను. మధ్యాహ్నం పూట క్యాంటీనుకు పోవడం మానేశాను. ఫోను మోగితే ఖాదర్ సార్ కదలరు, నా వైపు చూస్తారు. నేనే ఎత్తుతాను. క్యాంటీనువాడే ఉంటాడు. ఒకసారి అతను చెప్పేది పూర్తయ్యాక కూడా నేను పెట్టకుండా అలాగే ఉంటే, "సార్, ఉండారా?" అని అడిగాడు.

అక్క సమాధికి ఇంకా సిమెంటు వేయించలేదు. ఈ ఎండలకు వేస్తే పగుళ్లిస్తుందని మేస్త్రీ అన్నాడు. ఎండలు తగ్గాక వేస్తాడట. వేసినాక పొద్దున, సాయంత్రం నీళ్లతో తడపాలి.