రెండు టేబుళ్ళు పట్టే ల్యాప్‌టాప్

నేను ల్యాప్‌టాప్ కొన్నది పేకాట కోసం. ఇందులో దాచేదేం లేదు. బ్యాంకు పనులకని చుట్టాలకు చెప్పమని మా ఇంటిది అన్నది. నేను చెప్పలేదు. అడిగినవాళ్ళందరికీ పత్తాలాటకే కొన్నానన్నాను. సగం మంది నవ్వారు. మిగిలినవాళ్ళు డబ్బులు పెట్టి ఆడుతున్నాననుకొని మొహం అటు తిప్పుకున్నారు. డబ్బులు పెట్టే ఆట మా దగ్గర బందు. మాది ఉత్త బిళ్ళల ఆట. గెలిచిన బిళ్ళలన్నీ కుప్ప పోసినా ఒక చాయ్ రాదు.

మేము ముగ్గురం అన్నదమ్ములం. యాలాల్ దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు మాది. అన్న పెళ్ళయ్యాక తాండూరు పోయి, నాపరాళ్ళు పాలిష్ పట్టే మిషన్ల దగ్గర పనికి కుదిరి అక్కడే ఉండిపోయాడు. తమ్ముడు మందను విడిచిపెట్టలేదు. వాడి ఇంటి వెనక ఇప్పటికీ దొడ్డి ఉంది, దొడ్డిలో గొర్రెలున్నాయి. నడిపోణ్ణి నేను. బిడ్డకు వికారాబాద్‌లో ఉద్యోగం కాబట్టి నేనూ మా ఇంటిదీ ఇక్కడికే వచ్చి, ఆమె ఉండే గల్లీలోనే ఒక పోర్షన్ తీసుకున్నాం.

ముగ్గురం కలిసినచోటల్లా చాప పరిచి పత్తాలు ఆడేవాళ్ళం. పెళ్ళయినా అంతే, దినాలయినా అంతే. కొన్నేళ్ళ కింద తమ్ముడి ఇంట్లో పెళ్ళయింది. మర్నాడు రమ్మీకి కూర్చున్నాం. వాడి కొత్త వియ్యంకుడు పక్కనే ఉన్నాడు. ఆయన ముందర అన్న, "ముక్క దాచినవ్‌రా" అన్నాడు. తమ్ముడు చేతిలో ముక్కలు చాప మీద పారేసి లేచిపోయాడు. దాచాడో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఆనాటి నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. తమ్ముడికి ఆపరేషన్ అయితే అన్న చూడటానికి పోలేదు. అన్న మనవరాలి పెళ్ళికి తమ్ముడు రాలేదు. ఈ ఇంటి సంగతి ఆ ఇంటికి తెలిసేది నా వల్లే.

నా ఫోన్లో ఆట వేసిచ్చింది మా బిడ్డ. మొదట రమ్మీ వేసింది. పదమూడు ముక్కలు అంత చిన్న ఫోన్లో చీమల బారులా కనబడ్డాయి. అది తీసేసి పోకర్ వేసింది. దాంట్లో చేతికి రెండే ముక్కలు వస్తాయి, మధ్యలో అందరికీ కలిపి అయిదు పరుస్తారు. "గిది నీ కండ్లకు సరిపోతది నాయినా" అన్నది. సరిపోయింది. టేబుల్‌కు ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు తెలిసినవాళ్ళే వచ్చి కూర్చుంటారు. ఆడుతూ మాట్లాడుకోవచ్చు కూడా.

ముగ్గురం మళ్ళీ ఆడొచ్చనుకొని ఇద్దరికీ ఫోన్ చేశాను. అన్న, "ఆడుంటే నేను రాను" అన్నాడు. తమ్ముడు, "ఆయనున్న కాడికి నన్ను పిలువకు" అన్నాడు. చివరికి ఎవరి టేబుల్ వాళ్ళు పెట్టుకున్నారు. అన్న టేబుల్ దగ్గర పాలిష్ మిషన్ల నాటి దోస్తులు, తమ్ముడి టేబుల్ దగ్గర వాడి వియ్యంకుడు, బామ్మర్ది. రెండింటిలోనూ నేను. రెండూ ఆదివారం సాయంత్రమే. ఒకరన్నా వేళ మార్చుకోండని అడిగాను.

"ఆన్ని మార్సుకొమ్మను" అన్నాడు అన్న.

"పెద్దోడు ఆయన. ఆయన్నే మార్సుకోమను" అన్నాడు తమ్ముడు.

ఫోన్లో ఒకసారి ఒక టేబులే కనబడుతుంది. ఇది మూసి అది తెరవాలి, అది మూసి ఇది తెరవాలి. పైగా నాకు అక్షరాలు నెత్తి తెల్లబడుతున్నప్పుడు వచ్చాయి. బిడ్డ పదో తరగతి చదువుకుంటూ, పక్కన నాకొక పలక ఇచ్చి నేర్పింది. తెలుగు కూడబలుక్కొని చదువుతాను. ఇంగ్లీషు చదవను, గుర్తుపడతాను. ఫోల్డ్ అంటే ముక్కలు పడేయడం, కాల్ అంటే వాళ్ళు పెట్టినంత పెట్టడం, రేజ్ అంటే పెంచడం. ఆ మూడింటి ఆకారం చూసుకొని నొక్కేసరికి నాకు ఇచ్చిన సమయం సగం అయిపోతుంది. అంతలో అవతలి టేబుల్‌లో నా వంతు వచ్చి, నేను లేనని నా ముక్కలు వాటంతట అవే పడిపోతాయి.

ఒక ఆదివారం అన్న టేబుల్‌లో నాకు రెండు రాజులు పడ్డాయి. నేను తమ్ముడి టేబుల్‌లో ఉన్నాను. తిరిగొచ్చేసరికి రాజులు లేవు. వెంటనే అన్న ఫోన్ చేశాడు.

"ఎటువోయినవ్‌రా?"

"ఈడనే ఉన్ననే అన్నా."

"ఈడనే ఉంటే నీ పత్తాలెట్ల పడ్డయ్? ఆని కాడికి వోయినవ్. నాకెర్కే."

"జర ఆలస్యమైంది."

"నడిపోడా, ఒక మాట ఇను. వచ్చే ఐతారం కూసుంటే పూరా ఈడ కూసో. లేకుంటే పూరా ఆడనే కూసో. సగం సగం కూసునేటోడు నాకొద్దు."

పెట్టేశాడు. అన్న అన్నాడంటే చేస్తాడు. నాకు ఆట పోతుందన్న ఫికర్ లేదు. ఏదో ఒక టేబుల్ విడిస్తే, ఆ ఇంటికీ ఈ ఇంటికీ నడుమ ఉన్న ఒక్కణ్ణి నేను కూడా తప్పుకున్నట్టే. రేపు ఒకరికి ఏమన్నా అయితే ఇంకొకరికి చెప్పేవాడుండడు. బిడ్డకు చెబితే, "ల్యాప్‌టాప్ కొను నాయినా, రెండు టేబుళ్ళు పక్కపక్కన పెట్టుకోవచ్చు" అన్నది. ఆదివారం లోపల కొనాలి.

మా ఇంటిదాన్ని తీసుకొని స్టేషన్ దారిలో ఉన్న దుకాణానికి పోయాను. దుకాణదారు నలభై దాటినవాడు, మర్యాదగలవాడు.

"ఎవరికి కాకా, మనవనికా?"

"నాకే."

"ఏం పనికి?"

"పత్తాలాటకు. రెండు టేబుళ్ళు ఒక్కసారి కనబడాలె."

అతను మా ఇంటిదాని వైపు చూశాడు.

"నన్నేం సూస్తవ్ కొడుకా, నేను వద్దనే అన్న" అన్నది ఆమె.

మొదట ఒకటి తీశాడు. మూత తెరవగానే అక్షరాల సందుల్లోంచి ఎర్ర లైట్లు వెలిగాయి. ఇది ఆటలకే చేసిందని, దీని మీద ఇరవై టేబుళ్ళు పెట్టినా ఆగదని చెప్పాడు. మా ఇంటిది వంగి చూసి, "గీ లైట్లేంది, పెండ్లి పందిరా?" అన్నది. ఆట తెరిచేసరికి లోపల ఫ్యాను పిండి గిర్నీలా మోగింది. ఇరవై టేబుళ్ళు ఎందుకు, నాకున్నది ఇద్దరే అన్నదమ్ములు. పక్కన పెట్టమన్నాను.

రెండోది పల్చగా, పలకంత తేలిగ్గా ఉంది. దాని తెర అద్దంలా మెరిసింది. ముక్కల మీద నా మొహం, నా మొహం మీద దుకాణం ట్యూబ్‌లైటు.

"మస్తు నడుస్తున్న మాల్ కాకా ఇది."

"నా మొకం నాకెందుకు, పత్తా కనబడాలె."

అతను జ్ఞాపకశక్తి ఎంత, వేగం ఎంత అని అంకెలు చెప్పడం మొదలుపెట్టాడు. నేను రెండు మాటలే అడిగాను. కరెంటు పోతే ఒక ఆట అయ్యేదాకా ఉంటుందా? రెండు టేబుళ్ళలోనూ ఒకేసారి ముక్కలు పంచితే తట్టుకుంటుందా? తట్టుకోవాలంటే జ్ఞాపకశక్తి పదహారు జీబీ ఉన్నది తీసుకొమ్మన్నాడు. ఎనిమిదిది కూడా నడుస్తుందట, కానీ అప్పుడప్పుడు బిగుసుకుపోతుందట. బిగుసుకుపోతే అన్న ఊరుకోడు. పదహారే చూపించమన్నాను.

మూడోది లోపలి గది నుంచి తెచ్చాడు. నల్లగా, వెడల్పుగా, నిండు గంపంత బరువుగా ఉంది.

"ఇది ఒక ఆఫీసుల వాడింది కాకా. పాతది. నీకు చూపెట్టాల్నా వద్దా అనుకున్న."

"నేనేమన్న కొత్తోన్నా?"

తెర మెరవలేదు. రెండు టేబుళ్ళూ పక్కపక్కన తెరిపించి, దాన్ని స్టూలు మీద పెట్టించి, ఇంట్లో ఎంత దూరంలో కూర్చుంటానో అంత దూరంలో కుర్చీ వేసుకున్నాను. ముందుకు వంగకుండా రేజ్ ఆకారం గుర్తుపట్టాను. కాల్ కూడా. అక్షరం అక్షరంగానే ఉంది, ముక్క ముక్కగానే ఉంది. ఇంకొకటి, దాని గొంతు పెద్దది. నాకు కుడి చెవి సరిగ్గా వినబడదు. అందులోంచి మాట వస్తే దుకాణం బయటివాడు కూడా తిరిగి చూశాడు. ఇదే చాలన్నాను.

అతను సంచిలో చెవులకు పెట్టుకునే వైరు ఒకటి వేశాడు.

"ఊరికెనే ఇస్తున్న కాకా. రెండు టేబుళ్ళకెల్లి మాటలొస్తే కలుస్తయ్. ఇది పెట్టుకో."

"చెవులు మూసుకుంటే ఇంటిది పిలిస్తే ఇనబడదు."

"ఇప్పుడు ఇనబడ్డట్టు" అన్నది మా ఇంటిది.

మాటలు కలుస్తాయంటే నా చెవిలో కలుస్తాయనుకున్నాను. వైరును సంచిలోనే ఉంచాను.

ఆదివారం బిడ్డ వచ్చి అన్నీ సర్ది పోయింది. తెర మీద ఎడమ పక్క తమ్ముడి టేబుల్, కుడి పక్క అన్న టేబుల్. వాళ్ళు ఎవరి ఇంట్లో వాళ్ళు ఫోన్లలో ఆడుతున్నారు. మొదటి పంపకం నుంచి ఒక్క వంతు కూడా తప్పలేదు. "ఇయ్యాల మనిషివైనవ్" అని మెల్లగా అన్నాడు అన్న. అందరూ ఆట మీదే ఉన్నారు, పెద్దగా మాటల్లేవు. చాలా రోజుల తర్వాత హాయిగా అనిపించింది.

పొద్దు వాలుతోంది. తల్లి గొర్రెలు మేతకు పోయి ఇంకా రాకపోతే దొడ్డిలో పిల్లలు అరుస్తాయి. ఎడమ పక్క నుంచి ఆ అరుపులు వచ్చాయి. కుడి పక్క నుంచి అన్న అడిగాడు:

"నడిపోడా, వికారాబాద్‌ల గొర్రెలు పెట్టినవా?"

"లేదే."

"మరి పిల్లలెక్కడియి?"

నేను జవాబు చెప్పకముందే ఆయనకు దగ్గు వచ్చింది. బండ పొడి మింగిన దగ్గు, ఒకసారి వస్తే ఆగదు. ఎడమ పక్క తమ్ముడు ఏదో అంటున్నవాడు మధ్యలోనే ఆగిపోయాడు. అప్పుడు నాకు సంగతి అర్థమైంది. ఒక టేబుల్‌లోంచి వచ్చిన చప్పుడు ల్యాప్‌టాప్ గొంతులోంచి బయటపడి, మళ్ళీ దాని చెవిలోంచి రెండో టేబుల్‌కు పోతోంది. దాన్ని ఆపడం నాకు రాదు. బిడ్డ ఇంటికి పోయింది. ఇద్దరూ లేచిపోతారు, నా పని అయిపోయిందనుకున్నాను.

ఎవరూ లేవలేదు. పత్తాలాటలో ముందు లేచినవాడు ఓడినట్టే. ఇద్దరికీ అది తెలుసు. మాటల్లేకుండా ఒక ఆట నడిచింది, తర్వాత ఇంకొకటి. గొర్రెపిల్లల అరుపులు, ముక్కలు పడే టపటప, అంతే. కాసేపటికి పిల్లల్లో ఒక దాని అరుపు మారింది.

"నడిపోడా" అన్నాడు అన్న.

"ఆఁ."

"గది ఆకలి అరుపు గాదు. తడికెల కాలు ఇరికినట్టుంది. పోయి సూడుమను."

నేను నోరు తెరవకముందే ఎడమ పక్క నుంచి వచ్చింది: "నాకు తెల్వదా అని చెప్పు."

చెప్పడానికేముంది, ఇద్దరికీ వినబడింది. కానీ ఎడమ పక్క కుర్చీ జరిగిన చప్పుడైంది. తమ్ముడి వంతు వచ్చింది, సమయం దాటింది, వాడి ముక్కలు పడిపోయాయి. వాడి వియ్యంకుడు, "మంచి ముక్కలుండె కావొచ్చు" అని గొణిగాడు. అన్న టేబుల్‌లో అన్న వంతు కూడా వచ్చింది. ఆయనా నొక్కలేదు. ఆయన ముక్కలూ పడిపోయాయి.

కుర్చీ మళ్ళీ కిర్రుమంది.

"ఇరికిందా?" అన్నాడు అన్న. అడిగింది నన్నే.

"ఇరికిందని చెప్పు. తీసిన. ముందుగాల ఆయన దగ్గు సంగతి సూస్కొమ్మను."

"దగ్గు నాది. ఆనికెందుకు? పత్తా ఎయ్యమను."

"ఆయన టేబుల్ ఆయన సూస్కొమ్మను. నా టేబుల్ల నేనెప్పుడేస్తే ఆయనకేంది?"

దీపాలు పెట్టేదాకా ఆడాం. నన్ను నడుమ పెట్టుకొని అన్ని మాటలన్నారు గానీ, ఒకరితో ఒకరు ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మరుసటి ఆదివారం ఆటకు ముందే మా ఇంటిది సంచిలోంచి ఆ వైరు తీసుకొచ్చింది. "పోయిన ఐతారం ఇల్లంత దొడ్డి చేసినవ్. గిది చెవులకు పెట్టుకో. నేను ఫోన్ల సీరియల్ సూసుకోవాలె" అన్నది. పెట్టుకున్నాను. చప్పుడంతా నా చెవుల్లోనే ఉండిపోయింది. ఇటువాళ్ళ మాట అటు పోలేదు. ఎవరి ఆట వాళ్ళది, గొడవ లేదు. కానీ అన్న నెమ్మదిగా ఆడుతున్నాడు. మంచి ముక్కలు కూడా పడేస్తున్నాడు.

"నడిపోడా."

"ఆఁ."

"మిషన్ కరాబైందా?"

"లేదే. మంచిగనే ఉన్నది."

అన్న దగ్గాడు.

"మరి గొర్రెలు అరుస్తలేవేంది?"

నా చెవుల్లో అవి అరుస్తూనే ఉన్నాయి. నేను ల్యాప్‌టాప్ లోంచి వైరు లాగేశాను. ఇల్లంతా గొర్రెపిల్లలు. వెనక గదిలోంచి మా ఇంటిది, "మల్ల మొదలైందా" అన్నది. ఎడమ పక్క తమ్ముడు, "ఎవరిదో దగ్గు తగ్గలేదు" అన్నాడు, ఎవరితోనూ కాదు. కుడి పక్క అన్న వంతు వచ్చింది. ఆయన రేజ్ నొక్కాడు.

వైరు మా ఇంటిదానికే ఇచ్చేశాను. ఆదివారం సాయంత్రం సీరియల్ ఆమె చెవుల్లో, గొర్రెలు ఇంట్లో. ఇద్దరినీ ఒకే టేబుల్‌కు పిలుద్దామా అని బిడ్డ అడిగింది. వద్దన్నాను. పిలిస్తే ఇద్దరూ లేస్తారు. రెండు టేబుళ్ళు పట్టేదే కొన్నాను, రెండే నడవనీ.