చాప పరిచి చూసిన కృపావతి

కృపావతి ఇంటి వెనకున్న మూడు వాటాలూ తాపీ మేస్త్రీగా నేను కట్టినవే. ఒక్కో వాటాకి ఒక గది, వంటకి కాస్త చోటు. అన్నిటికీ కలిపి ఒక బోరు, ఒక లెట్రిన్. ఆస్పత్రిలో ఆయా పని మానేశాక ఆ అద్దెలే ఆవిడకి ఆధారం. ముందున్న రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. భర్త జాన్ బాబు పోయినప్పటి నుంచి ముందు గదిలో కుర్చీ కూడా జరిపేది కాదు, ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు.

గవరపాలెంలో ఆవిడ వాటాలకి మంచి పేరు. కట్టిన కొత్తలో ఇద్దరమని చేరిన కుర్రాళ్లు మెల్లగా గది నిండా అయ్యారు. సెప్టిక్ ట్యాంకు పొంగి వాకిట్లోకి వచ్చింది. దాన్ని నా చేతే బాగు చేయించింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆ వేళే ఖాయం చేసింది: సంసారులైతే నలుగురు, ఒంటరి కుర్రాళ్లైతే ముగ్గురు, పాలు తాగే పిల్లలు లెక్కలోకి రారు. ఆ తర్వాత ఎవరడిగినా అదే మాట.

2008లో, అచ్యుతాపురం వైపు కంపెనీలు లేస్తున్న రోజుల్లో, ఆ మాటకి చిక్కొచ్చింది.

నడిమి వాటాలో పైడిరాజు ఉండేవాడు. బెల్లం మార్కెట్లో బరువులు మోసే కలాసీ. భార్య తలుపులమ్మ, కూతురు, ముసలి తల్లితో కలిసి నలుగురూ లెక్కకి సరిపోయారు. రాంబిల్లి వైపు ఇచ్చిన చెల్లెలు దేముడమ్మకి తొలిచూలు. పురిటికి పుట్టింటికి తేవాలి. ఊళ్లో ఇల్లు ఎప్పుడో పడిపోయింది. తల్లి ఎక్కడుంటే అదే పుట్టిల్లు, ఆ తల్లి ఉన్నదేమో అద్దె గదిలో.

అడిగితే కృపావతి కాదంటుందని పైడిరాజు అడగలేదు. ఆటోలో తెచ్చేసి, "సూసిపోడానికొచ్చింది" అన్నాడు. కానీ ఆ వెనకే ఆటోలోంచి ట్రంకుపెట్టె దిగింది.

చివరి వాటా కుర్రాడు స్టీవెన్ ఆ పెట్టె చూశాడు. కిందటి నెలే స్నేహితుడు జాన్ పాల్‌ని తెచ్చుకుంటానంటే కృపావతి వద్దంది. అతను చోటు దొరక్క ఎవరిదో షాపు మేడ మీద పడుకుంటున్నాడు.

నేను ఆ రోజు బోరు పక్కన గచ్చు వేస్తున్నాను.

"ఏటాంటీ, మా జాన్ పాల్ వత్తే నాలుగో మనిసి, ఆళ్లింటికొత్తే సుట్టమా?" అన్నాడు స్టీవెన్, అందరికీ వినబడేలా.

తలుపులమ్మ ఊరుకోలేదు. "నీ ఫ్రెండు కూడా నీళ్లోసుకున్నాడేటి బాబూ?"

బోరు దగ్గరున్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. దేముడమ్మ మాత్రం పెట్టె మీద కూర్చుని తల దించుకుంది. "అన్నియ్యా, నాను ఎలిపోతాను. అత్తోరింటికాడే కనేత్తాను" అంది. నేను పైడిరాజు మొహం చూడలేకపోయాను.

కృపావతి నావైపు తిరిగింది. "మేస్త్రీ, ఒక్కో గదిలో ఎంతమంది ఉండొచ్చో తేల్చీవా?"

నేను టేపు తీయబోయాను.

"టేపు పడుకోదు. మనుసులు పడుకుంటారు. సాపలు తెండి."

పట్టపగలు, రాత్రి ఎలా పడుకుంటారో అలాగే చాపలు పరవమంది. ఎవరి చాప మీద వాళ్లు పడుకోవాలి. గోడవార మనిషి లేచి, ఎవర్నీ తొక్కకుండా వాకిట్లోకి రావాలి. తలుపు పూర్తిగా తెరుచుకోవాలి. వార్డులో నేల మీద పడుకున్న రోగుల మధ్య ఏళ్ల తరబడి నడిచిన మనిషి, ఆవిడకి అదే కొలత.

ముందు కుర్రాళ్ల గది. నాలుగు చాపలు వేసినా దారి మిగిలింది. పైగా ఇద్దరిది నైటు డ్యూటీ.

"తెచ్చుకో నీ జాన్ పాల్‌ని" అంది కృపావతి. స్టీవెన్ ఈల వేశాడు.

తర్వాత పైడిరాజు గది. అయిదో చాప తలుపుకి అడ్డం వచ్చింది. అటు తిప్పారు, ఇటు తిప్పారు. దేముడమ్మ గోడవార నుంచి లేచి, తల్లి కాళ్లు తప్పించబోయి, తూలి గోడ పట్టుకుంది.

"నాను బయట మంచమేసుకుంటానమ్మా" అన్నాడు పైడిరాజు.

"వానొత్తే?"

స్టీవెన్ ఈల ఎప్పుడు ఆగిందో తెలీదు. తన వాడికి దక్కిన చోటు ఆ పిల్లకి దక్కకపోవడం అతనికి మింగుడు పడలేదు. తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"మరి మీ ఇంట్లో సాప పరవలేదేటాంటీ?" అన్నాడు చివరికి.

కృపావతి గుర్రుగా చూసింది. "నా ఇల్లు అద్దెకియ్యలేదురా."

"ఇయ్యలేదు గానీ, అదీ గదే కదా."

ఆవిడ అడ్డం వచ్చిన ఆ అయిదో చాపని చుట్టి, చంకన పెట్టుకుని ముందింట్లోకి వెళ్లింది. కుర్చీలు ఈడ్చిన చప్పుడు అయింది. నేను గుమ్మం దాకా వెళ్లి చూశాను. జాన్ బాబు ఫొటో కింద చాప పరిచి, దాని మీద ఆవిడే పడుకుని ఉంది. కాసేపటికి, నిండు మనిషి లేచినట్టు చేతి మీద బరువు వేసి లేచింది. తలుపు దాకా నడిచింది. గడప దగ్గర ఆగింది.

"దేముడమ్మా, ఆళ్లమ్మా ఇద్దరూ ఇక్కడే పడుకుంటారు, పురుడెల్లేదాకా" అంది. తర్వాత గడపని కాలితో తట్టి చూసింది. "మేస్త్రీ, ఇది ఎత్తుంది. ఆ పిల్ల తన్నుకుంటాది. ఇటో మెట్టు, అటో మెట్టు కట్టీ."

గచ్చుకి కలిపిన సిమెంటు మాలు ఇంకా పచ్చిగానే ఉంది. తాపీ తెచ్చుకున్నాను.