మొక్కు నాది, కాళ్లు చెల్లెలివి

మా ఊరి నర్సమ్మ పోయిన వారం చనిపోయింది. ఆస్పత్రి ఉద్యోగం ముగిశాక కూడా ఆమె ఊరు వదల్లేదు. కబురు తెచ్చిన మా చెల్లెలు వాకిట్లోనే కూలబడింది. నేను దేవుని దగ్గర దీపం పెట్టి, ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నాను.

నర్సమ్మ ఎవరినీ బాగున్నారా అని అడిగేది కాదు. ఎదురైతే చాలు, బొటనవేలితో కంటి కింది రెప్ప లాగి చూసేది. పెళ్లిళ్లలో వియ్యపురాళ్లను కూడా విడిచిపెట్టలేదు. లోపల ఎర్రగా ఉంటే సరే. రక్తం లేక తెల్లగా ఉంటే, "ఏమ్మా, సున్నం కొట్టించినావా?" అనేది.

అమ్మ పోయేనాటికి చెల్లెలికి మూడేళ్లు. నా చేతుల్లోనే పెరిగింది. తొలి కాన్పులో దానికి బిడ్డ దక్కలేదు. రెండోసారి కడుపుతో ఇంటికి వచ్చినప్పుడు కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను: కాన్పు అయ్యేదాకా చెల్లెలు చెప్పులు తొడగదు, బిడ్డ దక్కితే కదిరికి నడిచి వస్తాను అని.

అప్పట్లో మేము పట్టుపురుగులు మేపేవాళ్లం. చెల్లెలు ఊరికే కూర్చునే మనిషి కాదు, పొద్దున్నే మల్బరీ ఆకు కోయడానికి పోయేది. చుట్టూ బోడి నేల. మరుగంటూ ఉన్నది బోరు నీళ్లు పారే ఆ తోట ఒక్కటే. ఊళ్లో ఆడవాళ్లంతా చెంబు పట్టుకొని అక్కడికే వచ్చేవారు.

చెల్లెలి రెప్ప లాగి, తెల్లగా ఉందని నర్సమ్మ మలపరీక్ష చేయించింది. పేగుల్లో కొంకి పురుగులున్నాయని తేలింది. డాక్టరును అడిగి మాత్ర మింగించింది, రక్తం పట్టే మాత్రలూ ఇచ్చింది. నెల తర్వాత వచ్చి రెప్ప లాగితే అదే తెలుపు. వాకిలంతా కలయజూసింది.

"దీని చెప్పులు యాడ?"

మొక్కు సంగతి చెప్పాను.

"ఊరంతా దొడ్డికి పోయే ఆ తోట తడి మట్టిలో కంటికి కనపడని పురుగు పిల్లలుంటాయమ్మా. అరికాలు తొలుచుకొని లోపలికి పోతాయి. పేగు పట్టుకొని నెత్తురు తాగుతాయి. నేను మాత్రేసి దించితే ఇది మళ్లీ ఎక్కించుకొని వస్తాంది. ఇట్లయితే ఈ బిడ్డా దక్కదు. మొక్కుకునింది ఎవురు?"

"నేనే."

"చెప్పులు ఇడిసింది?"

లోపలి నుంచి చెల్లెలు అందుకుంది. "బాగా అడుగు నర్సమ్మా. అక్క మొక్కుతాది, నేను మోస్తాండా."

నాకు నవ్వు రాలేదు. మొక్కు మారిస్తే బిడ్డకేమవుతుందోనని భయం. "స్వామికి కోపమొస్తే?" అన్నాను.

నర్సమ్మ నేనిచ్చిన మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టింది. "మొక్కు తప్పమని నేను చెప్పను. నీ కాళ్లతో తీర్చు. కోపమొస్తే నర్సమ్మ చెప్పిందని చెప్పు."

అట్లాగే చెప్పుకున్నాను స్వామికి. ఆ పూటే చెల్లెలు చెప్పులు తొడిగింది. నేను విడిచాను, తోట వైపు పోలేదు. నర్సమ్మ ఇంకోసారి మాత్ర ఇప్పించింది. నెలలు నిండేసరికి రెప్పలో ఎరుపు కనిపించింది. ఆడపిల్ల పుట్టింది. దాని ఏడుపు వీధి మలుపు దాకా వినిపించింది.

పురుడు వెళ్లాక నేను వట్టి కాళ్లతో కదిరికి బయలుదేరితే, నర్సమ్మ గొడుగు పట్టుకొని రోడ్డు మీద నిలబడి ఉంది.

"నీకెందుకమ్మా ఈ ఎండ?" అన్నాను.

"దేవుని కోసం కాదులే. నువ్వు రోడ్డు దిగకుండా చూసుకునేకి వస్తాండా."

పొద్దెక్కేసరికి తారు కాలింది. పక్క తోటల్లో నీళ్లు పారుతున్నాయి. తడి గట్లు చల్లగా కనిపించి నా కాళ్లు అటే లాగాయి. నర్సమ్మ గొడుగు తన తల మీది నుంచి తీసి, కిందికి వంచి, నా అడుగు పడబోయే చోట నీడ పరుస్తూ పక్కనే నడిచింది.