ఓబులేసు తట్టిన పలకరాయి కార్డు

మా ఇలవేల్పు మీద ఒట్టు, నా కార్డుల మీద అంతకంటే పెద్ద ఒట్టు: ఇందులో ప్రతి ముక్కా నిజం. మార్కాపురంలో నా మాటను సగానికి తగ్గించి వినడం అందరికీ అలవాటు. ఈ ఒక్కసారికి పూర్తిగా వినండి. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇతరులను నమ్మించడమే తప్ప.

నాకు జపాన్ కార్డుల పిచ్చి. అరచేతిలో పట్టే అట్టముక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో రాతిజీవి బొమ్మ. స్ఫటికం కొమ్ముల జింక, అభ్రకం రెక్కల తూనీగ, ఉప్పురాయి తాబేలు. యాభై దాటిన మనిషి వీటిని ప్లాస్టిక్ కవర్లలో దాచుకోవడం చూసి మా ఆవిడ సుబ్బమ్మ తల కొట్టుకుంటుంది. అన్నీ దొరికాయి గానీ పలకరాయి జీవి మాత్రం దొరకలేదు. పలకల ఊరివాడికి ఎంత నామర్దా!

పోయిన వేసవిలో అదీ కొరియర్‌లో వచ్చింది. నల్లగా, పొరలు పొరలుగా ఉన్న ఉడుములాంటి ప్రాణి. కళ్లు మూసుకుని ఉంది. పడకగది కిటికీలో పెట్టాను.

సుబ్బమ్మ తమ్ముడు ఓబులేసు మా ఇంట్లోనే ఉండి పలకరాయి క్వారీలో పనికి పోతాడు. వాళ్లు రాయిని చీల్చే ముందు వేలి కణుపుతో తట్టి వింటారు. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల పగులుంటే మొద్దుగా మోగుతుంది. ఆ అలవాటు వాడికి ఎంత ముదిరిందంటే, గిద్దలూరుకు పెళ్లిచూపులకు పోయి, వాళ్లిచ్చిన కాఫీ గ్లాసును తట్టి చూశాడు. సంబంధం తప్పిపోయింది.

నా కార్డునూ తట్టాడు. అట్టముక్క ఖంగుమంది. ముగ్గురం విన్నాం.

“బావా, ఇది అట్ట కాదు, రాయే!”

ఆనాటి నుంచి పనికి పోయేముందు దాన్ని తట్టడం వాడికి ఆటైపోయింది. రోజూ ఖంగుమనేది.

ఒక రాత్రి పెద్ద వాన పడింది. కిటికీ మూయడం మరిచాం. పొద్దున్నే ఓబులేసు తడితే మొద్దుగా మోగింది. వాడి నవ్వు ఆగిపోయింది.

“రేయ్, ఈ పొద్దు పనికి పోవద్దు,” అంది సుబ్బమ్మ.

“ఏందక్కా! అట్టముక్క మోగలేదని మానేసినానంటే మేస్త్రీ నవ్వుతాడు.”

“నవ్వనీ. నవ్వించుకునేదానికి నువ్వుండాల గదా!”

బండి తాళం కొంగున ముడేసుకుంది. వాడు అలిగి అరుగు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం కబురు వచ్చింది. క్వారీ గోడ పొరలు పొరలుగా జారి పడింది. మిగతావాళ్లంతా అన్నాలకు పైకి వచ్చి ఉన్నారు. ఓబులేసు ఒక్కడే రోజూ ఆ గోడ నీడలో కూర్చుని తినేవాడు.

వాన నీళ్లు రాతి పొరల్లోకి ఇంకి గోడ జారిందని, ఆ తడికే అట్ట మెత్తబడి మోగలేదని మీరనొచ్చు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఆ సాయంత్రం చూస్తే కార్డు మీది ప్రాణి కళ్లు తెరిచి ఉంది. మొదటి నుంచీ తెరిచే ఉందేమో, నేనే సరిగ్గా చూడలేదేమో. సుబ్బమ్మ మాత్రం ఒప్పుకోదు.

ఓబులేసు ఇప్పటికీ దాన్ని తట్టనిదే గడప దాటడు. వాడు చెయ్యెత్తినప్పుడు ఇంట్లో ఎవరమూ ఊపిరి తీయం.

ఒట్టు పెద్దది కాబట్టి ఒప్పుకుంటున్నాను. ఇందులో నేను కల్పించింది ఒక్కటుంది. మా వైపు వాళ్లు ఇప్పటికే పట్టేసి ఉంటారు. కార్డు కాదు, కళ్లు కాదు, పెళ్లిచూపుల గ్లాసు కూడా కాదు.

వాన. ఆ వేసవంతా మార్కాపురంలో చుక్క పడలేదు. ఆ కార్డున్న గదిలో పడుకోవాలంటే, అది మోగనిదానికీ గోడ జారినదానికీ నాకు ఏదో ఒక కారణం కావాలి గదా, అందుకని కురిపించుకున్నాను.