అట్టికా ఆడపిల్లలు, మా దేవుడి పంచెలు

గద్వాలలో మా ఇంట్లో కొండమీది దేవుడికి జోడు పంచెలు నేసే రోజులొస్తే నాకు మహా చెడ్డ కోపం వచ్చేది. నాయన, చిన్నాయన దీక్ష పట్టి, ఒంటిపూట తిని, తలస్నానం చేసి మగ్గం గుంటలో కూర్చునేవారు. మిగతా రోజుల్లో మగ్గానికి కావలసిన నూలు కండెలన్నీ రాట్నం మీద చుట్టేది నేనే. దేవుడి నూలు మాత్రం ఆడవాళ్ళు ముట్టకూడదు. ఆ కండెలు చిన్నాయన చుట్టేవాడు, అదీ వదులు వదులుగా. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. ఒక్క కండె నన్ను చుట్టనిస్తే చాలనుకునేదాన్ని.

ఆ ఏడు బడిలో పంతులమ్మ గ్రీకు దేశంలోని అట్టికా కథ చెప్పింది. అక్కడి పట్నం కోసం సముద్రదేవుడూ ఒక దేవతా పోటీపడ్డారట. ఆయన శూలంతో బండను పొడిస్తే ఉప్పునీళ్ళు వచ్చాయి. ఆమె నూనెకాయలు కాసే ఆలివు చెట్టు మొలిపించింది. పట్నం ఆమెకే దక్కింది. నేతపనికి కూడా ఆ దేవతే పెద్దదిక్కు. ఆమె పండగకు ఊరేగించి తీసుకుపోయే వస్త్రాన్ని అక్కడి ఆడపిల్లలే నేసేవారట. ఆ తర్వాత పంతులమ్మ చెప్పినవాటిలో ఆ వస్త్రం, ఆ మగ్గం సంగతులు తప్ప ఇంకేదీ నా చెవికెక్కలేదు.

సాయంత్రం నాయన మగ్గం మీంచి లేచేదాకా ఆగి, నాయనమ్మ కూడా ఉండగా ఆయనకు కథంతా చెప్పాను.

"ఉప్పునీళ్ళు ఎవనికి గావాలె? మన బాయిల లెవ్వా?" అంది నాయనమ్మ. "చెట్టు వెట్టినామెనే తెలివిగల్లది."

నాయన ధ్యాస వేరే. "వాళ్ళ మగ్గం ఎట్లుంటదంట?"

"నిలువుగ. పడుగు పోగులకు కింద బరువులు కట్టి, నిలవడి నేస్తరంట."

"నిలవడా?" ఆయన మన మగ్గం వైపు తిరిగి చూశాడు. "మరి అంచు ఎట్ల కలుపుతరు?"

అది పంతులమ్మ చెప్పలేదు. అంచును నడిమి బట్టతో కలపడం రానివాళ్ళను మా ఊళ్ళో నేతగాళ్ళ కింద లెక్కవేయరు, అట్టికా వాళ్ళనైనా సరే. ఇక నా ఆశ గల్లంతే అనుకున్నాను.

నాయనమ్మే అందుకుంది. "అంచు సంగతి తర్వాత. ఆడివిల్లలు నేసింది ఆ దేవత కట్టుకున్నదా లేదా?"

"కట్టుకున్నదంట."

"మరి మన దేవునింట్ల అమ్మవారు లేదా? ఆమె చెయ్యి తగలకుంటనే ఆయన పంచె కడ్తుండా?"

చిన్నాయన చుట్టిన కండె ఒకటి నాయన చేతిలోకి తీసుకుని వేళ్ళతో నొక్కి చూశాడు.

"ఒంటిపూట ఉంటవా?" అని నన్నడిగాడు.

"ఉంట."

మర్నాడు తలస్నానం చేసి రాట్నం ముందు కూర్చున్నాను. పొద్దెక్కేసరికి ఆకలితో కడుపు కాలిపోతోంది. అయినా అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా లేదు. మగ్గం మీద కండె అయిపోయింది. నాయన తల తిప్పకుండానే తర్వాతి కండె కోసం నా వైపు చెయ్యి చాచాడు.