బస్తాల ఆటకి రీవాల్యుయేషన్

మార్కులంటే ఆ రోజుల్లో మా కృష్ణా జిల్లాలో ఉన్న పిచ్చి ఇంతా అంతా కాదు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన మన పేరు అడగడానికి ముందే "టెన్తులో ఎన్నొచ్చాయి బాబూ?" అనేవాడు. చెప్పిన అంకె నచ్చకపోతే మొహం కిటికీ వైపు తిప్పుకునేవాడు. అలా మొహాలు తిప్పించుకుని తిప్పించుకుని విసిగిపోయిన నేను, ఇక మార్కులు పుచ్చుకోవడం చాలు, మనమే ఎవరికైనా వేద్దాం అనుకున్నాను. మనుషులకి వేస్తే ఊరుకోరు కాబట్టి వీడియో గేములకి వేశాను. ఆ విధంగా తొంభైల చివర్లో బందరు మొత్తానికి ఏకైక వీడియో గేముల విమర్శకుణ్ణి అయ్యాను. (నన్నెవరూ నియమించలేదు. పోటీకి కూడా ఎవరూ రాలేదు.)

అప్పటికి నేను డిగ్రీ రెండో సంవత్సరం. గూడూరు నుంచి కాలేజీకని బస్సెక్కి, సగం రోజులు కోనేరు సెంటరు దగ్గర సందులో ఉన్న వీడియో గేముల షాపులో తేలేవాణ్ణి. నాలుగు టీవీలు, నాలుగు బల్లలు, నొక్కినొక్కి అక్షరాలూ బాణాలూ అరిగిపోయిన నాలుగు రిమోట్లు. నడిపే ఆయన్ని అందరం బావ అనేవాళ్ళం, ఆయన భార్యని అక్క అనేవాళ్ళం. షాపు వెనక రెండు గదుల్లోనే వాళ్ళ కాపురం. బావ వారానికోసారి బెజవాడ వెళ్ళి కొత్త గేము క్యాసెట్లు తెచ్చేవాడు. అక్కడి హోల్‌సేల్ వ్యాపారి ఒక వెసులుబాటు ఇచ్చాడు. నచ్చని క్యాసెట్టు వారం లోపల తెచ్చేస్తే దాని బదులు ఇంకోటి పట్టుకెళ్ళచ్చు. ఏది ఉంచాలో, ఏది తిప్పిపంపాలో తేల్చుకోవడం మాత్రం బావ వల్ల అయ్యేది కాదు. టీవీలో బొమ్మలు గబగబా పరిగెడితే ఆయనకి కళ్ళు తిరిగేవి.

అక్కడే నా అవసరం పడింది. పాత పుస్తకాల బండి మీద ఒక ఇంగ్లీషు కంప్యూటరు పత్రిక దొరికింది నాకు. అందులో ఎవరో పెద్దమనుషులు గేములు ఆడి, వాటి బాగోగులు రాసి, చివర్లో పదికి ఇన్నని మార్కులు వేశారు. అది చూసి నాకు నిద్రపట్టలేదు. ఆడుకున్నందుకు తిట్టేవాళ్ళే తప్ప, ఆడి తీర్పు చెప్పమనే లోకం ఒకటుందని అప్పటిదాకా తెలీదు. కాకపోతే పదికి వెయ్యడం స్లిప్ టెస్టులా చిన్నతనంగా తోచింది. అందుకని షాపు గోడకి నల్లబోర్డు కొట్టించి, అచ్చం మార్కుల మెమోలా గీతలు గీశాను. బొమ్మలు, సంగీతం, కథ, ఫైటింగు అని నాలుగు సబ్జెక్టులు. ఒక్కోదానికి వంద. ముప్పై అయిదు వస్తే పాసు. ఏ ఒక్కదాంట్లో తప్పినా మొత్తం ఫెయిలు. (మనకి తెలిసిన న్యాయం అదే కదా.)

ఆ నియమం వల్ల కొన్ని చిక్కులు రాకపోలేదు. మహా బాగుండే కారు పందేల గేము ఒకటి ఫైటింగులో తప్పి కూర్చుంది. బస్టాండు దగ్గర మెకానిక్ ఒకాయన, దానికి వీరాభిమాని, మర్నాడు లడ్డూల పొట్లం పట్టుకుని వచ్చాడు. "సార్, పక్క కారుని గుద్దుతున్నాం కదా, అది మాత్రం ఫైటింగు కాదా సార్?" అన్నాడు. ఆ వాదనలో న్యాయం కనిపించింది. రెండో లడ్డూ తినేటప్పటికి ఇంకాస్త స్పష్టంగా కనిపించింది. గ్రేసు మార్కులు కలిపి పాసు చేశాను. నన్ను సార్ అన్న మొదటి మనిషి ఆయనే. ఆ మాట నెత్తికెక్కి, అప్పట్నించీ చేతిలో సుద్దముక్క లేకుండా షాపులో తిరగడం మానేశాను.

అలాంటి వైభవంలో వచ్చింది బస్తాల ఆట. దానికి అసలు పేరేదో ఉంది, జపానుదో ఎక్కడిదో, మాకు చదవడం రాలేదు. ఒక పొట్టిమనిషి గోడౌన్‌లో ఉంటాడు. చుట్టూ బస్తాలు. ఒక్కోదాన్నీ తోసుకుంటూ వెళ్ళి గుర్తు పెట్టిన చోట్లలో చేర్చాలి. అంతే. తన్నులు లేవు, తుపాకులు లేవు, చివర్లో రాక్షసుడు లేడు. వంద స్టేజిలున్నాయని డబ్బా మీద ఉంది. నేను మూడు ఆడి ఆవలించి లేచాను. బొమ్మలు నలభై, సంగీతం ముప్పై ఆరు, కథ పన్నెండు, ఫైటింగు సున్న. ఫలితం ఫెయిలు. ఊరుకోకుండా కింద "సప్లిమెంటరీ రాసినా లాభం లేదు" అని కూడా రాసి, ఆ చమత్కారానికి నేనే కాసేపు నవ్వుకున్నాను.

శుక్రవారం సాయంత్రం, మర్నాడు బెజవాడ తీసుకెళ్ళాల్సిన క్యాసెట్లు బావ సంచిలో సర్దుతుంటే అక్క వెనక గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, ఆ బస్తాలది ఉంచెయ్యండి."

"అది ఫెయిలయిందే. బోర్డు చూడలా?" అన్నాడు బావ.

"చూశాను." అక్క నా వైపు తిరిగింది. "తమ్ముడూ, ఎన్నో స్టేజి దాకా ఆడావు?"

మూడని చెప్పడానికి నోరు రాలేదు. "అంతా చూశానక్కా. చివరిదాకా ఒకటే గోల, తొయ్యడమే" అన్నాను.

"అయితే అరవై రెండులో మధ్య బస్తా ఎటు తోశావు?"

షాపులో నాలుగు టీవీల దగ్గరా ఆటలు ఆగిపోయాయి. బావ సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నువ్వు ఆడతావా?" అన్నాడు భార్యతో. పదకొండేళ్ళ కాపురంలో ఆవిడ గురించి ఆయనకి తెలియని విషయం ఒకటుందని అప్పుడే తెలిసినట్టుంది.

"మధ్యాహ్నం మీరు భోంచేసి నడుం వాల్చాక, ఊడవడానికి వస్తాగా. సౌండు తీసేసి ఆడుకుంటా. రోజంతా మీ రిమోట్లు తుడుస్తాను, అందరూ పారేసిన పల్లీ తొక్కలు ఎత్తుతాను. ఆ గంటే నాది. దాన్ని కూడా పంపించేస్తే ఎలాగండీ?" అని, మళ్ళీ నాకేసి చూసింది. "ఇంటరు బోర్డువాళ్ళయినా అడిగితే మళ్ళీ దిద్దుతారు తమ్ముడూ. నేనూ రీవాల్యుయేషన్‌కి పెడుతున్నాననుకో."

కాదనడానికి దారి లేదు. బావ క్యాసెట్టు పెట్టాడు, నేను కూర్చున్నాను, మెకానిక్‌తో సహా అందరూ నా వెనక మూగారు. మూడు స్టేజిలు ధీమాగా దాటాను. నాలుగోదాంట్లో ఒక బస్తాని హుషారుగా తోసుకెళ్ళి మూలకి నొక్కేశాను. ఇంకేముంది, ఆ పొట్టిమనిషికి తొయ్యడమే గాని లాగడం రాదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను, రిమోట్ దులిపాను. బస్తా కదలదు. "మూలకి పోతే ఇక రాదు తమ్ముడూ, మొదట్నించీ మొదలెట్టాలి" అంది అక్క మెల్లిగా. ఆరుసార్లు మొదలెట్టాను. ఆరుసార్లూ అదే మూల. "సార్‌కి ఇవాళ ఒంట్లో బాగోలేనట్టుంది" అన్నాడు మెకానిక్, జాలిగానే.

అక్క చెయ్యి కొంగుకి తుడుచుకుని రిమోట్ అందుకుంది. ఆవిడ ఆడుతుంటే చూడాలి. తొందర లేదు. ముందు కాసేపు ఊరికే చూస్తుంది, వంటింట్లో ఏ డబ్బా వెనక ఏది పెడితే చేతికి అందుతుందో చూసుకున్నట్టు. తర్వాత టకటకా నాలుగు నొక్కులు. అడ్డంగా ఉన్న బస్తా పక్కకి తప్పుకుంటుంది, దాని వెనక దారి తెరుచుకుంటుంది. నాలుగు, అయిదు, ఆరు. నేను చూడకుండానే ఫెయిలు చేసిన గేము ఇదా అని నాకు నిజంగా సిగ్గేసింది. అయినా విమర్శకుణ్ణి కదా, ఊరుకోలేక "బాగానే ఉందక్కా, కానీ కథ లేదు కదా" అన్నాను.

అక్క టీవీ మీంచి చూపు తిప్పలేదు. "కథెందుకు లేదు? ఎవరో తెచ్చి పడేసిన బస్తాలన్నీ ఆ మనిషి ఒక్కడే సర్దుతున్నాడు. సర్దడం అవగానే మళ్ళీ తెచ్చి పడేస్తున్నారు. ఒక్కళ్ళూ చెయ్యి వెయ్యరు. ఇంకా ఏం కావాలి?"

బావ సంచి కింద పెట్టి, బల్ల కిందికి వంగి పల్లీ తొక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ఆయన అలా వంగగా ఆ షాపులో నేనెప్పుడూ చూడలేదు. నేను లేచి బోర్డు దగ్గరికెళ్ళి, బస్తాల ఆట వరస మొత్తం తుడిచేశాను. "ఎంత వేస్తావయ్యా మరి?" అన్నాడు బావ బల్ల కింద నుంచే. "ఇంకా ఆడలేదు బావా" అన్నాను. నా విమర్శక జీవితంలో నేను చెప్పిన మొదటి నిజం అదే. చివరిది కూడా, ఎందుకంటే వారం తిరక్కుండానే ఆ ఉద్యోగం మానేసి, మధ్యాహ్నాల్లో అక్క దగ్గర బస్తాలు తొయ్యడం నేర్చుకోవడానికి కుదిరాను. ఆ గంటలో షాపు ఊడ్చే పని బావకి పడింది.

ఇప్పుడు నాకు నలభై దాటి చాలా కాలమైంది. అలాంటి ఆటే ఫోనులో దొరికితే పెట్టుకున్నాను. నెలల తరబడి పంతొమ్మిదో స్టేజి దగ్గరే మూలకి నొక్కుకుని కూర్చున్నాను. మధ్యమధ్య ఫోను నన్ను చాలా మర్యాదగా అడుగుతుంది, ఈ ఆటకి మీరు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని. ఆ ఇరవయ్యేళ్ళ సార్ అయితే ఠక్కున ఇచ్చేసేవాడు. నేను మాత్రం వాణ్ణి తలుచుకుని నవ్వుకుని, "తర్వాత" అన్నచోట నొక్కి, మళ్ళీ మొదట్నించీ మొదలెడతాను.